హోటల్ మెనూలో మన వంటల పేర్లు ఇంగ్లీషులో ఎలా రాయాలి?

జయపురం భోజనశాల
అందరికీ నమస్కారం. జయపురంలో మా కుటుంబం భోజన హోటల్ నడుపుతోంది. ఇప్పటిదాకా గోడమీద ఒడియాలోనూ తెలుగులోనూ మాత్రమే మెనూ ఉండేది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి కొండకూ, డుడుమా జలపాతానికీ, గుప్తేశ్వర్ గుహకూ వెళ్లేవాళ్లు ఇప్పుడు మా దగ్గర ఆగుతున్నారు. వారిలో చాలామందికి ఈ రెండు లిపులూ రావు. అందుకని ఇంగ్లీషు మెనూ అచ్చు వేయించాలనుకున్నాం. అచ్చు వేసేవారు ఫోనులో అనువాదం చేసి ఒక నమూనా పంపారు. అందులో చద్దన్నానికి పాడైపోయిన అన్నం అని అర్థం వచ్చే మాట పెట్టారు. ఉలవచారుకు గుర్రాల గింజల సూపు అని, ముద్దపప్పుకు పప్పు ఉండ అని ఉంది. మా అమ్మ చేతి వంటను ఇలా చూస్తే ప్రాణం ఉసూరుమంది. పేర్లను అనువదించాలా, ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలా? తెలిసినవారు చెప్పండి.

సునాబెడ ఇంజినీరు
అనువదించండి, కానీ మనిషి చేత చేయించండి. ఆకలితో వచ్చినవాడు మెనూను అర నిమిషం చూస్తాడు. ‘పులుసు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే అది కూరో, చారో, చేపో అతనికెలా తెలుస్తుంది? తెలియని పేరు మీద డబ్బు పెట్టడానికి వెనకాడి అన్నం, పప్పు చెప్పి తిని వెళ్లిపోతాడు. మీ మంచి వంటలన్నీ వంటింట్లోనే మిగిలిపోతాయి. కర్మాగారంలో బయటి రాష్ట్రాలవారితో కలిసి పనిచేస్తున్నాను, క్యాంటీన్‌లో రోజూ చూస్తున్నది ఇదే.

పర్లాకిమిడి మాస్టారు
ఇంజినీరు గారి మాటలో నిజం ఉంది. అయినా నేను పేర్లు మార్చవద్దనే అంటాను. నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడిని, ఆ భాష మీద నాకు గౌరవం ఉంది కనుకే ఇలా అంటున్నాను.

ఇంగ్లీషు తన తిండి మాటల్లో చాలావాటిని వండినవాళ్ల నోటినుంచే తీసుకుంది. కర్రీ అనేది తమిళంలోని కరి. 1747లోనే హన్నా గ్లాస్ అనే ఆవిడ లండన్‌లో అచ్చయిన తన వంటపుస్తకంలో ఆ మాటతోనే కూర వండే పద్ధతి రాసింది. చట్నీ హిందీ నుంచి వెళ్లింది. మ్యాంగో తమిళ, మలయాళాల మాంగాయే, పోర్చుగీసు ఓడల్లో వెళ్లి ఇంగ్లీషుకు చేరింది. ఇంకా వెనక్కి వెళితే షుగర్ మన శర్కరే. పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్ అయి, ఐరోపా చేరి అలా మారింది. క్యాండీలో ఉన్నది ఖండ, అంటే మనం కండచక్కెర అంటున్నామే, ఆ కండ. జింజర్ శృంగవేరం నుంచి, పెప్పర్ పిప్పలి నుంచి గ్రీకు, లాటిన్‌ల మీదుగా వెళ్లాయి. ఆరెంజ్ నారంగం, మన నారింజకు తోబుట్టువు. వీటిలో ఒక్కదాన్నీ ఇంగ్లీషువాళ్లు కూర్చుని అనువదించుకోలేదు. తిన్నారు, పేరు అడిగారు, నోరు తిరిగినట్టు పలికారు.

ఇంకొకటి. మనం వెతికి వెతికి పెట్టే ఇంగ్లీషు మాట చాలాసార్లు వేరే వంటకు పేరై కూర్చుని ఉంటుంది. కిచిడీకి నిఘంటువులో కెజరీ అని కనబడుతుంది. మాట కిచిడీ నుంచి వచ్చినదే, కానీ బ్రిటన్‌లో కెజరీ అంటే పొగబెట్టిన చేప, ఉడికించిన గుడ్డు కలిపిన అన్నం. శాకాహారి వచ్చి అది చూస్తే మీ కిచిడీ ముట్టడు. మిరియాల చారుకు మలిగటానీ అని రాసినా అంతే. అది తమిళంలోని మిళగు తణ్ణీరే, మిరియాల నీళ్లే. ఇంగ్లీషు వంటింట్లో మాంసం చేరి చిక్కటి సూపుగా మారింది. మన పేరు మనం రాసుకుంటే ఈ చిక్కు ఉండదు. కింద అది ఏమిటో చిన్న అక్షరాల్లో ఒక వరుస రాస్తే ఇంజినీరు గారి భయమూ తీరుతుంది.

మా ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల మధ్య తిరిగి, వాళ్ల భాషను వాళ్లు పలికినట్టే రాసి, 1938 నాటికి సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. పలికేవాడి నోటిలోని మాటకే ఆయన విలువ ఇచ్చారు. మెనూ చిన్న కాగితమే కావచ్చు, దానికీ ఆ విలువ చెల్లుతుంది.

బరంపురం కోడలు
మాస్టారి మాటే నాదీ. ఒడిశా రసగోలాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పత్రాల్లో ఆ పేరే రాశారు. పాకంలో వేసిన విరిగిన పాల ఉండలు అని ఎవరూ రాయలేదు. సిమిలిపాల్ ఎర్రచీమల పచ్చడికీ కాయ్ చట్నీ అనే పేరుతోనే గుర్తింపు వచ్చింది. ఆరిసా పిఠా కూడా మెనూలో ఉంటే దాన్ని అలాగే రాయండి. మన అరిసె అక్కడే కనబడుతుంది.

రాయగడ నర్సు
పేరు ఏదైనా పెట్టుకోండి, లోపల ఏమి వేశారో మాత్రం తప్పనిసరిగా రాయండి. ఇది రుచి విషయం కాదు. వేరుశనగ పడనివారుంటారు, ఆవాలు పడనివారుంటారు, పాలు అరగనివారుంటారు. ఒడియా బేసర కూరల్లో ఆవముద్ద ఉంటుందని మనకు చెప్పనక్కరలేదు. బెంగళూరు నుంచో, ఫ్రాన్స్ నుంచో వచ్చినవారికి ఎవరు చెబుతారు? ఆవకాయలో ఆవ ఉందని తెలుగువాడికి పేరే చెబుతుంది, పైవాడికి చెప్పదు. వేరుశనగకు మనం గ్రౌండ్‌నట్ అంటాం, చాలా దేశాలవాళ్లకు అది పీనట్ అంటేనే తెలుస్తుంది. ఒంటికి సంబంధించిన చోట ఎక్కువమందికి తెలిసిన మాటే వాడాలి.

కొన్ని ఇంగ్లీషు మాటలు మన దేశంలో ఒక అర్థంతో, బయట మరో అర్థంతో తిరుగుతున్నాయి. ములక్కాడ సాంబారును డ్రమ్‌స్టిక్ సాంబార్ అని రాస్తారు కదా. బయటివారికి డ్రమ్‌స్టిక్ అంటే కోడి కాలు! దాన్ని మొరింగా కాయ అని రాయండి. ఆ మాట కూడా తమిళ ములక్కాడ పేరు మురుంగై నుంచి వచ్చినదే. అలాగే గ్రేవీ. మనకు ఏ కూర పులుసైనా గ్రేవీయే. బ్రిటన్‌లో అది మాంసం ఉడికినప్పుడు దిగే రసంతో చేసేది. వెజ్ గ్రేవీ అని చూసి శాకాహారి అనుమానపడతాడు. మటన్ అంటే వాళ్లకు గొర్రె, మన దగ్గర ఎక్కువగా మేక. మీరు వండేది మేకమాంసమైతే మేక అనే రాయండి. పెరుగుకు మనం కర్డ్ అంటాం, వాళ్లకు యోగర్ట్ అంటే వెంటనే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. శాకాహారం అని రాసి ఊరుకోవద్దు. వెజిటేరియన్ అనే మాట 1847లో ఇంగ్లండులో సంఘం పెట్టుకున్నాక బాగా నిలబడింది. అక్కడ చాలామంది శాకాహారులు గుడ్డు తింటారు. మన దగ్గర తినరు. పాలు, నెయ్యి కూడా ముట్టనివారి కోసం 1944లో వీగన్ అనే కొత్త మాట పుట్టింది. ఆ పద్ధతి పాటించేవాళ్లు ఇప్పుడు కొండలు ఎక్కడానికి చాలామంది వస్తున్నారు. నెయ్యి వేసేవాటి పక్కన నెయ్యి అని రాయండి. ఘీ అనే మాట ఇంగ్లీషులో ఎప్పుడో స్థిరపడింది.

గుణుపురం విద్యార్థి
మాస్టారూ, మా పాఠ్యపుస్తకంలో వంకాయ బ్రింజాల్. వీడియోల్లో ఎగ్‌ప్లాంట్. ఒక విదేశీ వంటల పేజీలో ఆబర్జీన్. వీటిలో ఏది సరైన ఇంగ్లీషు?

పర్లాకిమిడి మాస్టారు
మూడూ సరైనవే నాయనా. బ్రింజాల్, ఆబర్జీన్ ఒకే తల్లి పిల్లలు. సంస్కృతంలో వాతింగణం అనే మాట పారశీకంలో బాదింగాన్ అయింది, అరబ్బీలో అల్ చేరి అల్‌బాదింజాన్ అయింది. అరబ్బులు స్పెయిన్‌కు తీసుకువెళ్లారు. కాటలాన్, ఫ్రెంచి దారిన వెళ్లినది ఆబర్జీన్, పోర్చుగీసు దారిన వెళ్లి ఓడెక్కి మళ్లీ మన తీరానికి దిగినది బ్రింజాల్. ఇక్కడినుంచి బయల్దేరిన మాట లోకం చుట్టి ఇంగ్లీషు వేషంలో ఇల్లు చేరిందన్నమాట. ఎగ్‌ప్లాంట్ సంగతి వేరు. తెల్లగా గుడ్డులా ఉండే రకాన్ని చూసి పెట్టిన పేరది, అమెరికాలో స్థిరపడింది. పరీక్షలో బ్రింజాల్ రాయి. మెనూలో అయితే గుత్తి వంకాయ అని పెట్టి, కింద బ్రింజాల్, పక్కన గీత గీసి ఎగ్‌ప్లాంట్ రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

బెండకాయకూ ఇలాగే జాగ్రత్త పడాలి. మనం లేడీస్ ఫింగర్ అంటాం. ఐరోపాలో ఆ పేరుతో ఒక రకం బిస్కెట్ ఉంది. ఓక్రా అని రాయండి. అది పశ్చిమ ఆఫ్రికాలోని ఇగ్బో భాష మాట, ఆ కాయను ఎరిగినవాళ్ల మాట.

ఛత్రపురం పెద్దాయన
చదువుతున్నాను, ఓపిక పట్టాను. అసలు ఇంగ్లీషు ఎందుకు? 1936కి ముందు ఈ గంజాం, కోరాపుట్ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అప్పుడు తెలుగు బోర్డులు ఉండేవని మా నాన్నగారు చెప్పేవారు. ఒడిశా రాష్ట్రం వచ్చాక ఒడియా వచ్చింది, అది న్యాయం, ఈ నేల భాష అది. ఇప్పుడు మూడోది వచ్చి గోడంతా ఆక్రమిస్తే తెలుగుకు చోటెక్కడ? మా మనవలకు చదవడం వచ్చిన నాలుగు తెలుగు అక్షరాలూ హోటల్ బోర్డుల మీద నేర్చుకున్నవే. ఆ బోర్డు తీసేస్తే వాళ్లు తెలుగు అక్షరం మళ్లీ ఎక్కడ చూస్తారు?

జయపురం భోజనశాల
పెద్దాయన గారూ, మీ బాధ నాకు తెలుసు. తెలుగు తీయడం లేదు. గోడమీది బోర్డు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, ఒడియా పైన, తెలుగు కింద. ఇంగ్లీషు మెనూ బల్లమీద పెట్టే కాగితం మాత్రమే.

ఛత్రపురం పెద్దాయన
ఆ బల్లమీది కాగితంలో కూడా ప్రతి వంట పక్కన తెలుగు అక్షరాల్లో పేరు వేయించు బాబూ. తెలుగు పిల్లలు కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుంటారు.

సిరొంచ రైతు
గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నాను, గోదావరికి ఇవతలి గట్టు. మా దగ్గర హోటళ్లలో మరాఠీ, తెలుగు రెండూ నడుస్తాయి. అటుకులను పోహే అని రాస్తారు, తెలుగువాళ్లూ ఆ పేరుతోనే అడుగుతారు. ఒక దాబాలో ఇంగ్లీషులో కొట్టిన బియ్యం అని అర్థం వచ్చేట్టు రాసి ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు, కొన్నాళ్లకు పోహా అని మార్చారు. కాబట్టి మాస్టారి పక్షమే నేను.

నాకు ఒక సందేహం. మీల్స్ అని అన్నిచోట్లా రాస్తున్నారు, ఒక్క పళ్లెం భోజనమైనా మీల్సే. ఇది తప్పు ఇంగ్లీషు అని మా అబ్బాయి వాదిస్తున్నాడు. తీసేయమంటారా?

పర్లాకిమిడి మాస్టారు
తీయవద్దు. దక్షిణాదిలో మీల్స్ అంటే అన్నం, కూర, పప్పు, చారు, పెరుగు ఉన్న పూర్తి భోజనం. అది మన నేలమీద పుట్టిన వాడుక, అందరికీ తెలిసిన వాడుక. ఆ మాట పుట్టుక మన పద్ధతికి ఎంత దగ్గరో చూడండి. పాత ఇంగ్లీషులో మీల్ అంటే కొలత, నియమిత సమయం. ఆ వేళకు తినే తిండికి ఆ పేరే నిలిచింది. మనం పూట అంటాం కదా! రెండు పూటలా తింటున్నాం, పూట గడిచింది అంటాం. వేళ పేరే తిండికి పేరైంది, అక్కడా ఇక్కడా.

బ్రేక్‌ఫాస్ట్ అంటే ఉపవాసం విడవడం అని పిల్లలకు తెలుసు. డిన్నర్ అనే మాటకు కూడా లాటిన్ మూలంలో అదే అర్థం. పొద్దున తినేదాని పేరు ఫ్రాన్సు, ఇంగ్లండుల్లో క్రమంగా జరిగి జరిగి సాయంత్రానికి చేరింది. టిఫిన్ మాత్రం మన దేశంలోని ఇంగ్లీషువాళ్లు స్థిరపరిచినది, కొంచెం కొంచెంగా తాగడం అనే అర్థం ఉన్న వారి వాడుక మాట నుంచి. ముంబైలో అది మధ్యాహ్నపు డబ్బా, మన దగ్గర ఇడ్లీ, దోస. మీ మెనూలో టిఫిన్ అని రాసి కింద వేళలు వేయండి, వేళ చూస్తే అర్థమవుతుంది.

బరంపురం వంటమేస్త్రి
పెళ్లిళ్లకు వండేవాడిని. పేర్ల సంగతి మాస్టారు చెప్పారు, రుచుల సంగతి నేను చెబుతాను. అసలు గొడవంతా అక్కడే వస్తుంది.

ఇంగ్లీషులో హాట్ అంటే వేడి, హాట్ అంటే కారం. వేడి చారు తెచ్చి పెడితే కారమేమో అని భయపడినవాళ్లను చూశాను, కారం కూర తిని ఇది చల్లగానే ఉందే, నోరెందుకు మండుతోంది అన్నవాళ్లనూ చూశాను. స్పైసీ అన్నా తేలదు. లవంగం, దాల్చినచెక్క వేసిన పలావు స్పైసీయే, గుంటూరు మిరపకాయ కూరా స్పైసీయే. మనకు కారం వేరు, ఘాటు వేరు, మసాలా వేరు. మిరపకాయ పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మనకు కారమంటే మిరియమే. చిల్లీ అనే మాట మెక్సికో ప్రజల నావాతల్ భాషది. ఆ కాయకు పెప్పర్ అని పేరు పెట్టినవాళ్లు మిరియాల కోసం వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు. ఆ కలగాపులగం ఈనాటికీ తీరలేదు. అందుకని మాటలు వదిలేయండి. ప్రతి వంట పక్కన మిరపకాయ బొమ్మ వేయండి, తక్కువ కారానికి ఒకటి, బాగా కారానికి మూడు. ఏ భాషవాడికైనా తెలుస్తుంది.

వగరుకు, కమ్మదనానికి ఇంగ్లీషులో తిండి దగ్గర వాడే మంచి మాట నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నిఘంటువులో వగరుకు ఉన్న మాట మందుల సీసా మీద కనబడేది. అరటిపువ్వు కూర గురించి రాసేటప్పుడు రుచి రాయకండి, ఎలా వండారో రాయండి. నంజుకోవడం అనే దానికీ మాట లేదు. ముద్దపప్పు అన్నంలో ఆవకాయ నంజుకోవాలని తెలియక, ఊరగాయను చెంచాతో గిన్నెడు తినబోయిన అతిథులు ఉంటారు. దాని పక్కన ‘అన్నంతో కొద్దికొద్దిగా’ అనే అర్థం వచ్చేలా రాయండి. పికిల్ అనే మాట ఉప్పునీటికి ఉన్న డచ్చి పేరు నుంచి వచ్చింది, వాళ్లు అనుకునేది ఉప్పునీటిలోనో వెనిగర్‌లోనో ఊరేసిన దోసకాయ. ఇది నూనె, ఆవపిండి, కారం కలిపిన మామిడి అని చెప్పకపోతే ఎలా?

సునాబెడ ఇంజినీరు
మాస్టారు, మేస్త్రి గారు చెప్పినది ఒప్పుకుంటున్నాను, పేరు పైన, వివరం కింద. కానీ వివరం ఒక్క వరుస దాటకూడదు. వ్యాసాలు రాస్తే ఎవరూ చదవరు. ఉదాహరణకు గోంగూర పప్పు: సోరెల్ ఆకులతో ఉడికించిన కందిపప్పు. సరిపోతుందా?

రాయగడ నర్సు
సోరెల్ వద్దండి. అది మన చుక్కకూర కుటుంబం. గోంగూర మందార కుటుంబానికి చెందిన మొక్క. సోరెల్ అని చదివి గోంగూర తిన్నవారికి ఆ పులుపు వేరుగా అనిపిస్తుంది, చుక్కకూర పప్పు కూడా మీ మెనూలో ఉంటే రెండిటికీ ఒకే పేరు పడుతుంది. పుల్లటి ఆకుకూర అని రాయండి, చాలు.

కోరాపుట్ అక్క
ఉలవచారు గురించి ఎవరూ చెప్పలేదు. హార్స్ గ్రామ్ అనేది ఇంగ్లీషులో ఆ గింజకు ఉన్న అసలు పేరే, అచ్చువేసినవారి కల్పన కాదు. ఈ గ్రామ్ గింజ అనే అర్థం ఉన్న పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. అయినా బయటివాళ్లకు గ్రామ్ అంటే బరువు, హార్స్ అంటే గుర్రం, రెండూ కలిస్తే తినాలనిపించదు. ఉలవ అని పేరు పెట్టి, కింద కొండ పప్పుధాన్యంతో చేసిన చిక్కటి చారు అనండి. ఒడియావాళ్ల కోసం కోళథ అని కూడా. మా జిల్లా సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాధాన్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇక్కడి గింజల పేర్లు ఇక్కడివిగానే కనబడాలి. కాలాజీరా బియ్యంతో వండితే ఆ పేరు తప్పకుండా వేయండి, సువాసన బియ్యం అని సరిపెట్టవద్దు.

చద్దన్నం మాట మీద నాకు పట్టుదల ఉంది. దాన్ని పులిసిన అన్నం అని కూడా రాయవద్దు. పులియడం అనేది మనకు మంచి గుణం, కొత్తవాడికి చెడిపోవడంలా వినబడుతుంది. రాత్రి నీళ్లలో నానబెట్టిన అన్నం, పెరుగు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఇంతే. ఏమి చేశామో చెబితే చాలు, తీర్పు మాట ఒక్కటీ వద్దు. మార్చి 20న రాష్ట్రమంతా పఖాళ దినం, అంటే చద్దన్నం పండుగ, జరుపుకునే వంటను పాడైన అన్నం అని కాగితం మీద వేయడం నాకు సహించరానిది.

జయపురం భోజనశాల
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రాత్రి అమ్మతో కూర్చుని మళ్లీ రాశాం. పేరు మన మాటలో, ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా. పక్కన ఒడియా, తెలుగు లిపుల్లో చిన్నగా, పెద్దాయన గారు చెప్పినట్టు. కింద ఒక్క వరుస వివరం. కారానికి మిరపకాయ బొమ్మలు. వేరుశనగ, ఆవాలు, పాలు, నెయ్యి ఉన్నవాటికి వేరే గుర్తు, ఆ గుర్తుల అర్థం మొదటి పేజీలో. చద్దన్నానికి పఖాళ అనే పేరు పైన పెట్టాం, జయపురంలో అందరూ అడిగేది అలాగే కనుక. తెలుగు లిపిలో చద్దన్నం అనే ఉంటుంది. ముద్దపప్పుకు అమ్మ చెప్పిన వివరం: గట్టిగా ఉడికించి మెదిపిన కందిపప్పు, నెయ్యితో. ములక్కాడ, మేకమాంసం, బెండకాయ మీరు చెప్పినట్టే మార్చాం. గ్రేవీ అనే మాట మొత్తం తీసేశాం. చోడి అంబలిని అంబలి అని పెట్టాం, కింద రాగిపిండి జావ. రేపు అచ్చుకు ఇస్తున్నాను.

గుణుపురం విద్యార్థి
అన్నా, ఒక్కటి ఆగండి. ఇంగ్లీషు అక్షరాల్లో అంబలి అని చూస్తే ఒడియా స్నేహితులు ఆంబిళ అని చదువుతారు. అది వాళ్లకు పుల్లటి కూర. జావ వస్తే వెనక్కి పంపుతారు.

కోరాపుట్ అక్క
నిజమే. ఇక్కడ మండియా పేజ్ అంటేనే అందరికీ తెలుసు. దాన్నే పైన పెట్టండి, తెలుగులో చోడి అంబలి. రాగి అనే మాట ఇంగ్లీషులో ఎలాగూ ఉంది, వివరంలో వాడుకోండి.

జయపురం భోజనశాల
మార్చాను. తమ్ముడూ, అచ్చు కాగితం సాయంత్రం ఇక్కడే పెడతాను. అక్షరదోషాలు నువ్వు ఒకసారి చూడు, ఒడియా వరుసలు అక్క చూస్తారు.